ఆ పడవలో పాడటమే ఉద్యోగం

ముత్యాల వేట నడిచిన రోజుల్లో ఖతార్‌ పడవల్లో ఒక ఉద్యోగం ఉండేది. పాడటం. ఆ పని చేసేవాణ్ని నహ్హామ్‌ అనేవారు. పడవకు పెద్ద నోఖదా, అంటే మన సరంగు. నీళ్లలో మునిగేవాడు గైస్‌. వాణ్ని తాడుతో పైకి లాగేవాడు సైబ్‌. వీళ్లతోపాటు నహ్హామ్‌కు కూడా వేట రాబడిలో వాటా ముట్టేది. గొంతు బాగున్నవాడి కోసం నోఖదాలు పోటీలు పడేవారు.

పడవ మీద మంచినీళ్లు సైతం పొదుపుగా వాడాల్సిన చోట, ప్రతి నోటికీ తిండి లెక్క చూసుకునే నోఖదా పాటగాడికి వాటా ఎందుకిచ్చాడు? దయతో ఇచ్చాడంటే నేను నమ్మను. వాడి పాట వల్ల ఎంతో కొంత లాభం ఉండబట్టే ఇచ్చి ఉంటాడు.

నేను దోహాలో రిగ్గింగ్‌ ఫోర్‌మన్‌ని. ఊరు జగిత్యాల దగ్గర. ఇనుప దూలాలు, పైపులు, ఏసీ యంత్రాలు క్రేన్‌తో ఎత్తించి చెప్పిన చోట దింపించడం నా పని. బరువులెత్తేవాడికి సంగీతం సంగతి ఏం తెలుసనుకోకండి. పెద్ద దూలాన్ని రెండు క్రేన్లతో లేపేటప్పుడు సైటులో ఒక్క గొంతే నడుస్తుంది. వాకీటాకీలో ఆ ఒక్కడు ‘పైకి’ అంటే రెండు క్రేన్లూ ఒకే వేగంతో లేవాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా అయ్యాయా, బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. నహ్హామ్‌ గురించి విన్నప్పుడు నాకు ముందుగా తట్టింది మా సిగ్నల్‌మనే. నలభై చేతులు ఒకే తాడు పట్టుకున్నప్పుడు అవన్నీ ఒకే క్షణంలో గుంజాలి. ఆ క్షణం ఎప్పుడో చెప్పేవాడు నహ్హామ్‌.

మనిషికి సంగీతం ఎందుకు పట్టుబడింది, ఎవరికి ఏ పని చేసిపెట్టింది అన్నది పెద్ద ప్రశ్న. ఈ చిన్న దేశంలో దానికి జవాబులు వెతకడం తేలిక. ఒక మనిషి ఆయుష్షు పట్టేంత కాలంలోనే ఇక్కడ పాట తాళ్లు లాగడం మానేసి, రేడియో ఎక్కి, వేదిక ఎక్కి, చివరికి ఇయర్‌ఫోన్‌లో దూరింది.

ఉప్పునీళ్ల మీద నాలుగు నెలలు

బ్రిటిష్‌ అధికారి లారిమర్‌ 1908లో అచ్చయిన గల్ఫ్‌ గెజిటీర్‌లో ఖతార్‌ లెక్క రాశాడు. దేశం మొత్తం జనాభా సుమారు 27 వేలు. ముత్యాల పడవలు 800 పైచిలుకు. వాటి మీద పనిచేసేవాళ్లు దాదాపు 13 వేలు. అంటే ముసలివాళ్లనూ పసిపిల్లలనూ తీసేస్తే, కాళ్లూ చేతులూ ఆడే మగవాళ్లలో ఎక్కువమంది ఎండాకాలమంతా సముద్రం మీదే.

పెద్ద వేట మే, జూన్‌లలో మొదలై సెప్టెంబరు దాకా సాగేది. నీళ్లు వెచ్చగా ఉంటేనే మనిషి పదేపదే మునగగలడు. అవే నెలలు మాకిప్పుడు ఎలాంటివో చెప్తాను. జూన్‌ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని ఖతార్‌లో నిబంధన ఉంది. ఆ వేళ నీడ లేనిచోట ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మాకు పని ఆపే ఆ కాలమే వాళ్లకు సుగ్గి.

గైస్‌ సరంజామా అంతా ఒక గుడ్డలో మూటకట్టొచ్చు. ముక్కు బిగించడానికి ఫితామ్‌ అనే చిన్న క్లిప్పు. కొమ్ముతోనో తాబేలు డిప్పతోనో చేసేవారు. ఆల్చిప్పల అంచులకు వేళ్లు కోసుకోకుండా తోలు తొడుగులు. వాటిని ఏరి వేసుకోవడానికి మెడలో వలబుట్ట. తొందరగా అడుగుకు చేరడానికి కాలికి రాయి. ఊపిరి బిగబట్టి నిమిషం, నిమిషన్నర అడుగున తిరిగి, ఇక ఆగలేననుకున్నప్పుడు తాడును గుంజేవాడు. పైన సైబ్‌ రెప్పవేయకుండా ఆ గుంజుడు కోసం చూసేవాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా ఇదే వరస. కడుపు నిండితే మునగలేరు కాబట్టి పగలు ఖర్జూరం, కాఫీ. రాత్రికి చేపలు, అన్నం.

పాట ఎక్కడ వచ్చేదంటే, పదిమంది కలిసి లాగాల్సిన ప్రతి చోటా. తెరచాప దూలం ఎత్తడానికి ఒక రకం, తెడ్లు వేయడానికి ఒకటి, లంగరు తాడు చుట్టడానికి మరొకటి. ఒక పని పాట ఇంకో పనికి సరిపోదు. తెడ్డు వేసే చెయ్యి ముందుకూ వెనక్కూ ఊగుతుంది, చాప ఎత్తే చెయ్యి ఒక్క ఊపున కిందికి గుంజుతుంది. నహ్హామ్‌ పైస్థాయిలో, గొంతు మెలికలు తిప్పుతూ ఎత్తుకునేవాడు. అల్లాను తలచుకోవడం, ఇల్లు తలచుకోవడం, సముద్రంతో మొర పెట్టుకోవడం, అన్నీ అందులోనే. మిగిలినవాళ్లు అతనికి ఎంతో కింద, బొడ్డులోంచి లేచినట్టుండే హుంకారం అందుకునేవారు. ఆ హుంకారం మీదే చేతులు కదిలేవి.

ఒడ్డుకు వచ్చాక ఇదే గానం ఇంకో రూపం ఎత్తేది. దాని పేరు ఫిజిరి. వేట లేని నెలల్లో నావికులు ‘దార్‌’ అనే ఇంట్లో రాత్రిళ్లు గుంపుగా కూర్చుని పాడుకునేవారు. అక్కడ వాయిద్యాలు కూడా ఉంటాయి. మిర్వాస్‌ అనే చిన్న డోలు, పెద్ద తబల్‌, చిన్న తాళాలు, వాటన్నిటికంటే నాకు ఎక్కువ నచ్చే జహ్లా. జహ్లా అంటే నీళ్లు నింపుకునే మట్టికుండ. మన ఘటం విద్వాంసుడు వేళ్లతో పలికించినట్టు కాదు. ఒళ్లో పెట్టుకుని మూతి మీద అరచేత్తో చరుస్తారు. కుండలోని గాలి అదిరి, చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. ఇక చప్పట్లు. వినడానికి సులువుగా ఉంటాయి గానీ ఆ కొట్టుడు మధ్యలో మనం చెయ్యి కలపబోతే రెండో చరుపుకే తప్పుతాం. బహ్రెయిన్‌ తరఫున ఈ ఫిజిరిని 2021లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చారు. ఖతార్‌, కువైట్‌ తీరాల నావికుల పాటలూ ఆ కుటుంబంలోనివే.

పాట పుట్టుక: జిన్నులు, ఒంటెలు, ఎముకలు

ఫిజిరి ఎలా పుట్టిందని గల్ఫ్‌ నావికుల్ని అడిగితే ఒక కథ చెప్పేవారు. బహ్రెయిన్‌లో అబూ సుబహ్‌ అనే మసీదు దగ్గరికి ముగ్గురు మిత్రులు రాత్రిపూట పాడుకోవడానికి వెళ్లారు. లోపలి నుంచి ఎప్పుడూ వినని గానం వినిపించింది. తొంగి చూస్తే సగం మనిషి, సగం గాడిద రూపంలో జిన్నులు. ఎవరికీ చెప్పబోమని ఒట్టు వేయించుకుని ఆ జిన్నులు ముగ్గురికీ పాట నేర్పాయి. ఇద్దరు ఆ ఒట్టుతోనే చనిపోయారు. మూడోవాడు మాత్రం మరణశయ్య మీద రహస్యం బయటపెట్టాడట. అలా మనుషుల చేతికి ఫిజిరి వచ్చింది.

ఎడారి అరబ్బులకు ఇంకో కథ ఉంది. ముదర్‌ అనే పూర్వికుడు ఒంటె మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నొప్పితో అయ్యో నా చెయ్యి అని లయగా మూలుగుతుంటే ఒంటెలు ఆ మూలుగుకు అడుగు కలిపి వడిగా నడిచాయి. ఒంటెల్ని నడిపించే ‘హుదా’ పాట అక్కడ మొదలైందని పాత అరబ్బు రచయితలు రాశారు. ఈ కథ చెప్పినవాడెవడో పని తెలిసినవాడు. పాట పుట్టింది నొప్పిలో, నిలబడింది పనికొచ్చింది కాబట్టి అంటున్నాడు.

శాస్త్రవేత్తలు చెప్పే కథలూ తక్కువేం లేవు. జర్మనీలోని హోలే ఫెల్స్‌ గుహలో 2008లో గద్ద జాతి పెద్ద పక్షి రెక్క ఎముకతో చేసిన పిల్లనగ్రోవి దొరికింది. అయిదు రంధ్రాలున్నాయి. వయసు 35 వేల నుంచి 40 వేల ఏళ్ల మధ్య. అంత నేర్పుగా రంధ్రాలు తొలిచారంటే, అప్పటికే సంగీతం వాళ్లకు కొత్త సంగతి కాదు. గొంతు, చప్పట్లు ఎముకల్లా మట్టిలో మిగలవు కాబట్టి అసలు మొదలు ఇంకెంత వెనకో తవ్వి తీయలేం.

ఎందుకు పుట్టిందన్న దగ్గర పండితులు తగువులాడుకున్నారు. పక్షులు జతను పిలిచినట్టే మన పూర్వికులూ ప్రేమకోసం కూశారన్నది 1871లో డార్విన్‌ వాదన. 1896లో కార్ల్‌ బ్యూషర్‌ అనే జర్మన్‌ ఆర్థికవేత్త పని మీద, లయ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. దంచడం, లాగడం, తొక్కడం లాంటి సామూహిక శ్రమలోంచే లయ, లయలోంచి పాట వచ్చాయన్నాడు. మరో వందేళ్లకు, 1997లో, మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్‌ పింకర్‌ అసలు సంగీతం ఏ అవసరం కోసమూ పుట్టలేదని, చెవులకు తీపి తినిపించడం లాంటిదేనని తేల్చేశాడు. తాడు పట్టుకుని చేతులు కాయలు కాసినవాడెవడూ ఆ మాట ఒప్పుకోడు.

నా ఓటు బ్యూషర్‌కే వేద్దామనుకున్నాను. అయితే ఆయన లెక్కలో జోలపాట ఇమడదు. 2019లో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ప్రపంచం నలుమూలల నుంచి 60 సమాజాల పాటల వివరాలు పోగేసి చూసింది. జోలపాట, ఆటపాట, ప్రేమపాట, రోగం తగ్గించే పాట, ఈ నాలుగు రకాలూ ఎక్కడివైనా ఒకదానితో ఒకటి పోలి ఉన్నాయి. భాష తెలియనివాళ్లకు వినిపించినా ఏది జోలపాటో, ఏది ఆటపాటో చాలావరకు పోల్చుకోగలిగారు. అంటే పాటకు ఒకే అమ్మ లేదు. శిశువును నిద్రపుచ్చే తల్లీ, తాడు లాగే గుంపూ, జబ్బు దించే మంత్రగాడూ ఎవరి అవసరానికి వాళ్లు దాన్ని కని ఉంటారు.

కలిసి లాగడం గురించి మాత్రం ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయంలో పడవ పందేల జట్టును తీసుకుని, వ్యాయామ యంత్రాల మీద ఒకసారి ఒంటరిగా, ఒకసారి అందరితో కలిసి తెడ్డు వేయించారు. తర్వాత చేతికి బీపీ చూసే పట్టీ కట్టి బిగిస్తూ, ఎంతదాకా నొప్పి ఓర్చుకుంటారో కొలిచారు. పడ్డ శ్రమ ఒకటే. కలిసి వేసినప్పుడు మాత్రం ఓర్పు బాగా పెరిగింది. లయ కలిసిన శరీరాల్లో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు ఎక్కువగా ఊరుతాయని పరిశోధకుల అభిప్రాయం. నోఖదాకు ఎండార్ఫిన్‌ పేరు తెలియదు. పాట ఉన్న పడవలో మనుషులు ఎక్కువసేపు లాగుతారని మాత్రం తెలుసు. వాటా అందుకిచ్చాడు.

పాట ఎవరి పక్షం?

ఇక్కడ కాస్త ఆగాలి. నొప్పి తగ్గితే లాభం లాగేవాడికా, లాగించేవాడికా?

ముత్యాల వేట అప్పు మీద నడిచేది. సీజను ముందు ఇంటి ఖర్చులకు నోఖదా బయానా ఇచ్చేవాడు. నోఖదాకు పెట్టుబడి పెద్ద వర్తకుడి నుంచి వచ్చేది. వేట చివర ముత్యాలు అమ్మి, ఖర్చులు తీసేసి, వాటాలు పంచితే చాలామంది గైస్‌ల చేతికి వచ్చేది పాత బాకీ తీరడానికే చాలేది కాదు. మళ్లీ ఏడాది అదే నోఖదా దగ్గర మునగాలి. తండ్రి బాకీ కొడుకు మెడకు చుట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఏజెంటుకు అప్పు చేసి డబ్బులు కట్టి విమానం ఎక్కిన మా తరం గల్ఫ్‌ కూలీకి ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

పడవల మీద స్వేచ్ఛ లేనివాళ్లు కూడా ఉండేవారు. తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత ముత్యాల కోసం మునిగించేవారు. ఖతార్‌లో బానిసత్వం 1952లో రద్దయింది. ఆ చరిత్ర దాచకుండా చెప్పే మ్యూజియం దోహా నడిబొడ్డున మషీరెబ్‌లో ఉంది, పేరు బిన్‌ జల్మూద్‌ హౌస్‌. ఆ ఆఫ్రికావాళ్లు ఈ తీరానికి తెచ్చిన సంగీతం నేటికీ ఉంది. తంబూరా అనే తీగల వాద్యం (మన తంబురా కాదు, కొయ్య చట్రానికి తీగలు బిగించింది), డోళ్లు, నడుముకు మంజూర్‌. ఎండిన మేక గిట్టలు వరసలుగా కుట్టిన గుడ్డ అది. ఆడేవాడు నడుం కదిపితే గిట్టలన్నీ ఒక్కసారి గలగలమంటాయి. ఈ పాట తాళ్లు లాగడానికి కాదు. ఒంటిని పట్టిన పీడను వదిలించడానికి, పోగొట్టుకున్న ఊరిని తలచుకోవడానికి. పడవలో యజమాని లాభానికి పాడిన గొంతే, ఒడ్డున తన కోసం తాను పాడుకుంది.

ఆడవాళ్ల పాటకు వాటాలు లేవు. నెలల తరబడి మగవాళ్లు రాకపోతే వాళ్లు సముద్రం ఒడ్డుకు వెళ్లేవారు. మండుతున్న ఖర్జూరపు మట్టలతో నీళ్లకు వాతలు పెట్టి, పాటతోనే సముద్రాన్ని గద్దించి, మా వాళ్లను వదిలిపెట్టమనేవారు. కొన్నిచోట్ల పిల్లిని కూడా నీళ్లలో ముంచేవారు. సముద్రం భయపడిందో లేదో గానీ, పదిమంది ఆడవాళ్లు ఒకచోట చేరి భయాన్ని గట్టిగా అరిచి చెప్పుకోగలిగారు. అదీ పాట చేసిన పనే.

అందుకే కార్మికుల పాట అనగానే తీయటి వారసత్వంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. అదే పాట కూలీవాడి వెన్ను నిమిరింది, అదే పాట వాడితో ఇంకాస్త ఎక్కువ లాగించింది. రెండూ నిజమే.

ముత్యం పోయాక

జపాన్‌లో మికిమోటో కోకిచి 1893లో మొదటిసారి ముత్యాన్ని పెంచి చూపించాడు. 1920లకల్లా పెంచిన ముత్యాలు బజార్లను నింపాయి. 1929 ఆర్థిక మాంద్యంతో కొనే చేతులే కరువయ్యాయి. గల్ఫ్‌ ముత్యాలకు పెద్ద అంగడి బొంబాయి. బస్రా ముత్యాలన్న పేరుతో అక్కడినుంచి హైదరాబాద్‌ దాకా వచ్చి, పత్తర్‌గట్టి దుకాణాల్లో మెరిసినవి ఈ నీళ్లవే. బరోడా మహారాజు 1865 ప్రాంతంలో చేయించిన తివాచీలో 15 లక్షలకు పైగా ఇలాంటి సన్న ముత్యాలు కుట్టారు. అదిప్పుడు 2019లో తెరిచిన ఖతార్‌ జాతీయ మ్యూజియంలో ఉంది. దాని ముందు నిలబడితే నాకు ఆ పనితనం కన్నా, ఒక్కో ముత్యానికి ఎన్ని మునకలో అన్న లెక్కే తడుతుంది.

వేట కూలిపోగానే ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1940ల చివరికి జనాభా 16 వేలకు పడిపోయిందని అంచనా. దుఖాన్‌లో చమురు కోసం తవ్వకం 1938లో మొదలై, 1940 నాటికి చమురు తగిలింది. మధ్యలో యుద్ధం వచ్చింది. మొదటి ఓడ చమురుతో బయల్దేరింది 1949 డిసెంబరు చివరి రోజున. మునగడం మానిన చేతులు బావుల దగ్గర పైపులు మోశాయి. బావి దగ్గర లాగేది యంత్రం. యంత్రానికి నహ్హామ్‌ అక్కర్లేదు. పాటకు ఉద్యోగం ఊడింది.

తర్వాత అది కొత్త కొలువులు చూసుకుంది. 1968లో ఖతార్‌ రేడియో మొదలైంది. పాట పనిని విడిచి, ఎక్కడో ఉన్నవాడి నోటినుంచి ఇంట్లో కూర్చున్నవాడి చెవికి చేరింది. కొత్త దేశానికి జాతీయ గుర్తింపు కావాల్సి వచ్చినప్పుడు మళ్లీ పాటనే పిలిచారు. ఇప్పటి జాతీయ గీతానికి బాణీ కట్టింది ఖతార్‌ సంగీతకారుడు అబ్దుల్‌ అజీజ్‌ నాసర్‌. 1996 నుంచి అదే వాడుక. ఒకప్పుడు కయ్యానికి ముందు కత్తులు పట్టి, వరసల్లో నిలబడి ఆడిన అర్దాను ఇప్పుడు డిసెంబరు 18న జాతీయ దినోత్సవానికి ఆడుతున్నారు. కత్తులు అవే, శత్రువు లేడు. ఖతార్‌ ఫిల్హార్మోనిక్‌ ఆర్కెస్ట్రాను 2007లో స్థాపించారు. పాతిక ముప్ఫై దేశాల నుంచి వచ్చిన వాద్యకారులు అందులో జీతానికి వాయిస్తారు. పాడటం మళ్లీ ఉద్యోగమైంది. కాకపోతే ఈసారి లాగాల్సిన తాడేదీ లేదు.

2010లో తెరిచిన కతారా సాంస్కృతిక గ్రామంలో చలికాలం వస్తే సంప్రదాయ పడవల పండుగ జరుగుతుంది. నావికుల పాటల బృందాలు అక్కడ ఇసుక మీద కూర్చుని పాడతాయి. 2015లో ఇక్కడినుంచే ‘ఫతహ్‌ అల్‌ ఖైర్‌’ అనే చెక్క పడవ పాత ముత్యాల దారిలో ముంబై దాకా వెళ్లింది. ఒక శుక్రవారం సాయంత్రం ఆ పండుగకు మా జట్టులోని శ్రీకాకుళం కుర్రాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. వాళ్లది మత్స్యకారుల కుటుంబం. తెల్లని దుస్తుల్లో పెద్దవాళ్లు రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. జహ్లా చరుపు పడగానే వీడు నిటారుగా అయ్యాడు. కాసేపయ్యాక నా మోచెయ్యి గోకాడు.

“ఏటన్నా, ఈళ్లు లాగుతున్నట్టే పాడతన్నారు గానీ సేతిలో తాడు నేదు!”

“తాడు లేదు తమ్మీ. ఇప్పుడు ఇది చూసేవాళ్ల కోసం.”

“మా నాన్నోళ్లు అలివి వల లాగినప్పుడు పాట ఆగితే మా పెదనాన్న బూతులు తిట్టేవోడన్నా. పాట ఆగితే సెయ్యాగిపోద్దనీవోడు. పక్కనెవుడైనా నిలబడి సూస్తే ఇంకా తిట్టీవోడు. ‘సూసేదేటి, వచ్చి తాడట్టుకో’ అని.”

బ్యూషర్‌ పుస్తకం మొత్తం వీడు రెండు ముక్కల్లో చెప్పేశాడు. పని పాటకు ప్రేక్షకుడు ఉండడు. ఉన్నవాళ్లంతా లాగేవాళ్లే. చూసేవాడు మొదలైన రోజున ఆ పాట ఇంకొకటవుతుంది. తక్కువదని కాదు, వేరేదని.

మన ఊళ్లోనూ ఇదే లెక్క

మా బాపమ్మ వడ్లు దంచేటప్పుడు పాడేది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో రెండు రోకళ్లు వేస్తే, ఒకటి లేచేటప్పుడు ఇంకొకటి పడాలి. తప్పితే రోకలికి రోకలి తగిలి చెయ్యి జివ్వుమంటుంది. పాటే ఆ తప్పు జరగకుండా చూసేది. ఊళ్లోకి రైసుమిల్లు వచ్చాక రోలు గోడ పక్కకు చేరింది. బాపమ్మ ఆ పాటలు మర్చిపోలేదు, అడిగితే మాత్రం పాడేది కాదు. “పనిలేక పాడతార్ర?” అనేది. మోట పాట కరెంటు మోటరుతో పోయింది. విసుర్రాయి పాట పిండిమరతో పోయింది. నాట్ల పాట ఇంకా కొంత నిలిచింది గానీ, ఇప్పుడు మా వైపు నాట్లకు బీహార్‌, బెంగాల్‌ నుంచి కూలీలు వస్తున్నారు. మా మడిలో వినపడేది వాళ్ల పాట. వాళ్లు మా పొలంలో, మేం గల్ఫ్‌లో.

ఈ పాటల్ని 1950లలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు పరిశోధనకు ఎత్తుకున్నారు. నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పోగుచేశారు. వాళ్లు ఆ పని చేయకపోతే చాలా పాటలు బాపమ్మలతోనే వెళ్లిపోయేవి.

అన్నీ పోలేదు. యంత్రం చేయలేని పని చేసే పాటలు మిగిలాయి. పిల్లను నిద్రపుచ్చే యంత్రం ఇంకా రాలేదు కాబట్టి జోల ఉంది. పరాయి దేశంలో నలుగురినీ మనవాళ్లుగా నిలబెట్టే యంత్రం లేదు కాబట్టి బతుకమ్మ ఉంది. దోహాలో ఏటా తెలుగు, తెలంగాణ సంఘాలు బతుకమ్మ ఆడిస్తాయి. తంగేడు, గునుగు ఇక్కడ పూయవు. ఊరినుంచి తెప్పించుకున్నవాళ్లు కొందరు, బంతి, చామంతి కొనుక్కున్నవాళ్లు కొందరు. ఆస్పత్రి నర్సు, బడి టీచరు, ఇంటిపట్టున ఉండే ఇల్లాలు ఒకే చుట్టులో వంగి చప్పట్లు కొడతారు. డీజే పెట్టినప్పుడు ఒకసారి గమనించాను: స్పీకర్లో పాట ఎంత గట్టిగా ఉంటే, చుట్టులో నోళ్లు అన్ని మూతపడతాయి. కరెంటు పోయిన కాసేపు మాత్రం ఒక పెద్దావిడ ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. బతుకమ్మ అప్పుడే ఆడినట్టనిపించింది.

చెవిలో ఒంటరి పాట

తెల్లవారుజామున సనయా (దోహా పారిశ్రామికవాడ) నుంచి సైటుకు బయల్దేరే బస్సులో చూస్తే అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. నేపాలీకి నేపాలీ పాట, బెంగాలీకి బెంగాలీది. మావాళ్లు యూట్యూబ్‌లో జానపదాలు, గల్ఫ్‌ కష్టాల మీద కట్టిన పాటలు వింటారు. యాభై మంది, యాభై పాటలు, బస్సు మాత్రం నిశ్శబ్దం. సైటు గేటు దగ్గర అన్నీ జేబులోకి పోతాయి. లిఫ్టింగ్‌ జరిగే చోట చెవి మూసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, ఆ నిబంధన నేనే గట్టిగా అమలు చేస్తాను.

ఒంటెల సంగతీ ఇంతే. షహానియా అనే చోట జరిగే ఒంటెల పందేల్లో చిన్నపిల్లల్ని ఎక్కించడం మానేసి, 2005 నుంచి ఒంటె వీపు మీద చిన్న రోబోను కడుతున్నారు. యజమాని పక్కన కారులో వస్తూ రిమోట్‌తో కొరడా ఆడిస్తాడు, వాకీటాకీలో అరుస్తాడు. పిల్లలకు ఆ పీడ తప్పింది, చాలా మంచిది. ముదర్‌ మూలుగుకు అడుగు కలిపిన ఒంటె మాత్రం ఇప్పుడు స్పీకర్‌ మాట వింటోంది.

అలాగని గుంపు పాట చచ్చిపోయిందని నేననను. 2022 ఫుట్‌బాల్‌ ప్రపంచకప్‌ రోజుల్లో దోహా తీరంలోని కోర్నిష్‌ రోడ్డు మీద మలయాళీ కుర్రాళ్లు అర్జెంటీనా, బ్రెజిల్‌ చొక్కాలు వేసుకుని డోళ్లు కొడుతూ నడిచారు. వాళ్లలో ఎవరికీ ఆ దేశాలతో చుట్టరికం లేదు. పగలంతా వేరువేరు కంపెనీల్లో వేరువేరు నంబర్లుగా బతికినవాళ్లు ఒక డోలు వెనక ఒక జట్టయ్యారు. అలాంటి జట్టుతనం కోసం మనిషి ఎప్పుడూ పాటనే వెతుక్కుంటాడు. తాడు లేకపోతే బంతి.

నహ్హామ్‌కు వాటా ఎందుకన్న ప్రశ్నకు నా జవాబు ఇది. పాట ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటుంది. ఆ పని పోతే ఇంకోటి వెతుక్కుంటుంది. వింటున్నప్పుడు ఇది ఎవరి పని చేస్తోంది, ఎవరికి లాభం అని అడగడం పాటను తక్కువ చేయడం కాదు. జాతీయ గీతానికి, ప్రకటనలోని జింగిల్‌కు, ఎన్నికల పాటకు, గుడి మైకుకు, నా చెవిలోని గల్ఫ్‌ పాటకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది.

ఇళ్లలో పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. వాళ్ల పాటలు ఫోన్‌లో రికార్డు చేస్తున్నారు, సంతోషం. రికార్డు చేసేటప్పుడు పాట ఒక్కటే కాక, అది ఏ పనిలో పాడేవారో కూడా అడగండి. ఎంతమంది ఉండేవారు, చేతులు ఎటు కదిలేవి, ఎక్కడ ఊపిరి తీసుకునేవారు, కూలి ఎవరిచ్చేవారు, పాట ఆగితే ఎవరు తిట్టేవారు, ఇవన్నీ చెప్పించండి. వీలైతే రోకలో తెడ్డో చేతికిచ్చి పాడించండి. మా బాపమ్మను నేను అలా అడిగి ఉంటే పాడేదనే నా నమ్మకం. ఆవిడ పనిలేక పాడే మనిషి కాదు మరి.